సారు ఇంటి పడమటి గోడ

మొన్న ఛత్రినాకలో ఒక పాత ఇంటి గోడ మీది సిమెంటును కూలీలు ఉలులతో చెక్కేస్తుంటే, ఎందుకని అడిగాను. పాత గోడకు సిమెంటు పడదట, మళ్లీ సున్నమే పెడతారట. ఆ మాట విన్నాక అక్కడ నిలబడలేకపోయాను. నా ఈడు వాళ్లకు చెప్పుకుంటే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

నాకు అక్షరాలు నేర్పిన సారు ఇల్లు ఆ దగ్గర్లోనే ఉండేది. సారు అసలు పల్లెటూరి బడిపంతులు. పట్నం వచ్చేటప్పుడు వాళ్ల నాయన కట్టిన ఇంటిని విప్పి, దూలాలు, స్తంభాలు, గడపలు, ఆఖరికి పెంకులు కూడా ఎడ్లబండ్ల మీద తెచ్చి, అవే కొలతలతో ఇక్కడ మళ్లీ నిలబెట్టుకున్నారు. రాయీ మట్టీ కలిపి కట్టిన మందపాటి గోడలు, వాటి మీద గానుగలో రుబ్బిన డంగు సున్నం, నడుమ నాలుగు స్తంభాల మండువా, ముందు పెద్ద అర్రలో బడి. ఆ అర్ర పడమటి గోడ గూళ్లలోనే మా పలకలన్నీ ఉండేవి.

పందొమ్మిది వందల యాభైల్లో నేను కట్టడాల పని చూసే ఓవర్సీరుగా కొత్తగా చేరాను. సిమెంటంటే అప్పట్లో మాకు ఎంత మోజో! పడమటి గోడ సున్నం పెచ్చులూడుతోందని, సారు ఏటేటా చేయించే సున్నం పనిని మాన్పించి, పర్మిట్ మీద దొరికే సిమెంటును గురుదక్షిణగా నేనే తెప్పించాను. ఆ ఇంటికి ఏళ్లుగా పనిచేసే ముసలి మేస్త్రీని అందరం చాచా అనేవాళ్లం. ఆయన తాపీ కింద పెట్టి, "సాబ్, ఇది మట్టి గోడ. సిమెంటు పెడితే తడి బయటికి రాదు, లోపల్నే ఉంటది. గోడ గుల్లయితది" అని బతిమాలాడు. మా నాయన ఈడు మనిషిని పట్టుకొని, చదువుకున్నది నువ్వా నేనా అన్నాను. ఎంత పొగరు నాది! చాచా సారు వైపు చూశాడు.

"మన పిలగాడే చెప్తున్నడు గదా, కానియ్యి" అన్నారు సారు.

రెండేళ్లు గోడ నున్నగా మెరిసింది. పోయినప్పుడల్లా నిమిరి చూసి మురిసిపోయేవాణ్ణి. మూడో వానాకాలంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, పిల్లలు లేని వేళ అది కూలింది, దాంతో దూలాలూ పడిపోయాయి. ఎవరికీ దెబ్బ తగలకపోవడం దేవుడి దయ. నేను పరుగున వెళ్లేసరికి చాచా అక్కడే ఉన్నాడు. ఒక సిమెంటు పెచ్చును వెనక్కి తిప్పి, దానికి అంటుకున్న తడి మట్టిని వేలితో తీసి చూశాడు, తర్వాత నన్ను చూశాడు. సారే నన్ను ఓదార్చారు. "పాత ఇల్లు బిడ్డా, దాని కాలం అయిపోయింది. నువ్వు చేసేటిది చేసినవ్, ఫికర్ జెయ్యకు" అన్నారు. నేను తల ఊపాను.

సారు కిరాయి గదికి మారారు, ఆ ఇరుకులో బడి సాగలేదు. ఇప్పుడు అక్కడ మూడంతస్తుల మేడ ఉంది. ఆ వీధిలో సున్నం గోడ ఒక్కటీ మిగల్లేదు, సున్నం పని తెలిసిన చేతులూ లేవు. ఇల్లు పోయినందుకు బాధే, కానీ నన్ను ఎక్కువగా కాల్చేది ఆ తల ఊపడం. వాళ్ల నాయన కట్టిన ఇల్లే బలహీనపడిందని సారు చివరిదాకా నమ్మారు. ఇల్లు గట్టిదే సారూ, పాడుచేసింది నేనే అని ఒక్క మాట చెప్తే సరిపోయేది. ఆ తర్వాత సారు పన్నెండేళ్లు బతికారు. ప్రతి దసరాకూ వెళ్లి, చేతిలో జమ్మి పెట్టి, కాళ్లకు మొక్కి వచ్చేసేవాణ్ణి.