అత్త నడుము మీది సర్పి

మా మేనత్తకు సర్పి లేచిందని బషీరాబాద్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు, నిజం చెప్పాలంటే, బాధకన్నా ముందు నాకు ఉత్సాహమే కలిగింది. తాండూరులో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి చెప్పి గొంతు అరిగినదాన్ని. ఇన్నాళ్లూ బోర్డు మీద గీసిన పాఠం మా ఇంటి మనిషి ఒంటి మీదే లేచింది మరి.

వెళ్లేసరికి వెన్ను దగ్గర మొదలైన నీటిపొక్కులు ఎడమ పక్కగా బొడ్డు వైపు వస్తున్నాయి. వాటి మీద ఎవరో జాజుతో, ఎర్రమట్టితో, పాము బొమ్మ గీశారు. అత్త పూటపూటకూ నడుము చుట్టూ దారం పట్టి, పాము తలా తోకా కలవడానికి ఇంకెంత ఉందో కొలుచుకుంటోంది. కలిస్తే ప్రాణం పోతుందని ఆమె నమ్మకం. ఆ భయంతో అన్నం మానేసింది.

"నిన్న మూడు జానలుండె బిడ్డా. ఇయ్యాల రెండున్నరే."

తాండూరు తీసుకొచ్చి, వికారాబాద్ డాక్టరు దగ్గరికి రైలెక్కించాను. దారంతా నా పాఠమే.

"ఎన్నడో నీకు అమ్మతల్లి, గదే చికెన్‌పాక్స్, పోసినప్పటి వైరస్ ఎటూ పోలేదత్తా. నీ నరం మొదట్ల దాక్కుంది. నెత్తుర్ల తెల్లకణాలు ఇన్నేండ్లు దానికి కావలున్నయ్. నరం చస్తె మల్ల రాదు. గందుకే నరాన్ని చంపకుండ, వైరస్‌ను కదలనియ్యకుండ పట్టుకున్నయ్."

"మరి ఇప్పుడేమైంది?"

"వాటికీ ముసలితనమొచ్చింది, నీలెక్కనే."

అత్త మూతి ముడిచింది. ఎదుటి సీటాయన మాత్రం చెవి రిక్కించి విన్నాడు.

మందులు తెచ్చుకున్నాక అత్త బొడ్డు మీదుగా నిలువునా నీలం పెన్నుతో గీత గీశాను. "ఈ నరం ఒక్క పక్కకే ఉంటది. గీ గీత దాటితె నేను పాఠాలు చెప్పుడు బంద్ జేస్త." బడాయి పోయాను కానీ, 'సాధారణంగా దాటదు' అన్నాడు డాక్టరు. ఆ 'సాధారణంగా' నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

నాలుగో రోజు పొద్దున చూస్తే పొక్కులు గీతకు వేలెడు దూరంలో ఆగి పక్కు కడుతున్నాయి. నేను గంతులేశాను. అత్త వంగి చూసుకుని, జొన్నరొట్టె అడిగింది. తింటుండగా నాకు తెలియకుండా మిగిలిన ఒక్క సంగతి అడిగాను.

"నీకు అమ్మతల్లి ఎప్పుడు పోసిందత్తా?"

"నీకు పోసిన పదిహేను దినాలకు. నాలుగేండ్ల పిల్లవు, మంటకు కింద పండకపోతివి. అందరూ దూరముంటే నేనే ఎత్తుకొని తిరిగిన."

రొట్టె తుంచుకుంటూ మామూలుగా చెప్పింది. సిగ్గుతో, ప్రేమతో ఇంకో రొట్టె ఆమె కంచంలో వేశాను. నలభై ఏళ్లుగా ఆమె ఒంట్లో మోసింది నా జబ్బునే.