వదిన రుజువుకు నేను కలిపిన అబద్ధం

చాన ఏండ్ల నుంచి ఒక్క వాక్యం నా గుండె మీద కూసోని ఉన్నది. నేనే రాసిన వాక్యం. ఇంట్ల ఎవరికీ చెప్పలే. మీరెవరో నాకు తెల్వదు, గందుకేనేమో మీకు చెప్పబుద్ధయితున్నది.

డెబ్బయిలల్ల జహీరాబాద్ బస్టాండు దగ్గర నేను టైపు నేర్పేటోణ్ణి. మా అన్నకు మొగుడంపల్లి దిక్కు అల్లం చేను. వదిన పేరు సుగుణ. పెండ్లితోని ఆమె కాలేజీ ఆగింది గాని లెక్కల పిచ్చి ఆగలే. పళ్లెం బోర్లేసి బండల మీద సుద్దతోని గుండ్రం గీసేది, అందుల గీతలు కలుపుకుంట కూసుంటే పొయ్యి మీద పప్పు మాడినా సోయి ఉండేది కాదు. అన్న నవ్వుకుంట ఆ మాడిన పప్పే తినేటోడు.

ఒకనాడు నా ఇన్‌స్టిట్యూట్‌కు ఉరికొచ్చింది. గుండ్రంల గీసిన చతుర్భుజానికి ఎదురెదురు భుజాలను గుణించి కలిపితే కర్ణాల లబ్ధం వస్తది. అది పాత సంగతే. దానికి ఏ పుస్తకంల చూడని పొట్టి రుజువు తనకు దొరికిందట. నాకు సగమే అర్థమైంది, సంబురం మాత్రం పూర్తిగ అయింది.

లెక్కల పత్రికకు పంపినం. కాయితానికి ఒక్క దిక్కే టైపు చెయ్యాలె, బొమ్మ నల్లసిరాతోని వేరుగ గియ్యాలె, ఏది పాతదో ఏది తనదో మొదలే చెప్పాలె. అన్నీ చేసినం. తిరిగొచ్చింది. కాలేజీల పాఠాలు చెప్పేటోళ్లకు ఎవరికన్న చూపించి పంపమని రాసిన్రు. అడ్రసు నాది గనుక ఆ కవరు నా చేతికే వచ్చింది. వదినకు చెప్పలే. మల్ల పంపుకుంట ఒక వాక్యం కలిపిన. యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒకాయన ఈ రుజువు సరిచూసిన్రు అని.

అసొంటి ప్రొఫెసర్ ఎవ్వరూ లేడు.

ఒక మెట్టు ఇంకా వివరంగ రాయమని వాళ్లు అడిగిన్రు. వదిన రాసింది. అచ్చయింది! గల్లీ అంత జిలేబీలు పంచింది.

"చూసినవా మరిదీ! ఎవరు రాసిన్రు, ఏం చదివిన్రు అని అడగనే లేదు. రుజువునే చూసిన్రు."

"అవ్ వదినా. రుజువునే చూసిన్రు."

గంతే అన్న. అది అబద్ధమా? రుజువు సరైనదే కదా, చూసింది కూడ నిజమే కదా. మరి వాళ్లతోని ఆ కవరు తెరిపించింది నా అబద్ధం కాదా?

ఎనబైలల్ల అదే పత్రికకు ఇంకో రుజువు తనే పంపింది, నన్ను అడగకుంట. అందుల ప్రొఫెసర్ మాట లేదు, చదవకుంటనే తిప్పి పంపిన్రు. "ఎక్కన్నో తప్పు చేసిన" అనుకున్నది వదిన. వెతికింది. ఒక అల్లం పంట పోయి ఇంకో పంట వచ్చేదాంక వెతుకుతనే ఉన్నది. లేని తప్పును. తప్పు నాది వదినా అన్న మాట నా నోటిదాంక వచ్చి ఎనకకు పోయేది. ఆమె సంతోషం ఇరుగుతదని భయపడ్డనా? లేక నన్ను మునుపటి లెక్క చూడదనా? రెండోదే నిజమని ఇప్పుడు ఒప్పుకుంటున్న.

వెతుక్కుంట వెతుక్కుంట, చతుర్భుజం నాలుగు మూలలు గుండ్రం మీద లేకపోతే ఏమైతదో అటు పోయింది వదిన. అక్కడ ఆమెకు ఇంకో అందమైన రుజువు దొరికింది. ఇంకో పత్రికకు పంపింది. నా చెయ్యి పడలే. అచ్చయింది. ఆ దినం అన్న అందరికీ ఇనబడేటట్టు అరిసిండు, వదిన బండల మీదనే కూలబడి కండ్లల్ల నీళ్లు కారేదాంక నవ్వింది, నేను కూడ నవ్విన. ఆ నవ్వు దొంగది కాదు.

నా వల్లనే వెతికింది, అందుకే దొరికింది అని చెప్పుకోబోయిన. అది ఇంకో అబద్ధం. దొరికిచ్చుకున్నది ఆమె తెలివి, అందుల నాకు వాటా లేదు. ఇప్పటికీ ఆమెకు చెప్పలే. మీరు మాఫ్ చెయ్యొద్దు, అది మీ చేతిల లేదు. గాని గిదంతా రాసినంక, గుండె మీది ఆ వాక్యం జర పక్కకు జరిగినట్టయి, ఒక్కణ్ణే కూసోని గట్టిగ నవ్విన.