పటేలు అరుగు మీది రేడియో, రామమ్మ గొర్రెలు

పెద్దేముల్‌కు రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊరికి రేడియో 1960లో వచ్చింది. పంచాయితీ పేరు మీద, ఊరందరి కోసం వచ్చింది. వచ్చిన నాడే నర్సప్ప పటేలు ఇంటి అరుగెక్కింది, మళ్ళీ దిగలేదు. సర్పంచు ఆయనే కాబట్టి పెట్టె తాళంచెవి ఆయన మొలకే వేలాడేది. సాయంత్రం రైతుల కార్యక్రమం వేళకు భూములున్నవాళ్ళు అరుగు మీద కూర్చునేవాళ్ళు. కురుమవాడ గొర్రెల కాపరులు ప్రహరీ బయట, పెంటకుప్ప పక్కన నిలబడేవాళ్ళు. "మీరు దగ్గరికొస్తే గొర్ల కంపు" అని పటేలు ఒకసారి అన్నాడు, అదే కట్టుబాటయింది. వాళ్ళ వెనక ఇంకో ఇరవై అడుగుల దూరంలో హరిజనవాడ వాళ్ళు. గాలి ఇటు మళ్ళితే నాలుగు మాటలు చెవిన పడేవి, అటు మళ్ళితే అదీ లేదు.

కురుమవాడ రామమ్మ రెండేళ్ళు ఆ పెంటకుప్ప పక్కనే నిలబడి విన్నది. ఒక్కసారి మాత్రం, "జర గట్టిగ పెట్టుండ్రి పటేలా, వానల సంగతి చెప్తుండు" అంది.

"ఎందుకు, నీ గొర్లకు గూడ వినబడాల్నా?" అన్నాడు పటేలు.

అరుగంతా నవ్వింది. రామమ్మ కూడా నవ్వి, కొంగు సర్దుకుని, బాగా వినిపించే కుడి చెవిని గోడకేసి తిప్పుకుంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆమె పుట్టింది యాలాల్ దగ్గర. రజాకార్ల గడబిడ సాగుతున్న ఏడు బిచ్చయ్యను పెళ్ళాడి ఈ ఊరొచ్చింది. పదేళ్ళ కాపురం తర్వాత బిచ్చయ్య క్షయతో అనంతగిరి దవాఖానలో పోయాడు. పిల్లల్లేరు. మిగిలింది ఇరవై గొర్రెలు. ఆడమనిషి ఒంటరిగా మంద తోలుకుపోవడం ఆ వాడలో అంతకుముందు ఎవరూ చూడలేదు. నాలుగు నెలలు తిరిగి అమ్ముకుంటుందిలే అనుకున్నారు. భుజాన మొగుడి గొంగడి వేసుకుని, చేత కట్టె పట్టుకుని, ఆమె నాలుగేళ్ళలో ఆ ఇరవైని నలభై ఆరు చేసింది. చుక్కది, మొండిచెవిది, కుంటిదాని బిడ్డ, ఇలా ప్రతిదానికీ ఆమె దగ్గర ఓ పేరుండేది.

1961 వానకాలం మొదట్లో, పెంటకుప్ప పక్కన విన్న అరముక్క మాట పట్టుకుని ఆమె మందను వాగు దాటించలేదు. ఆ సాయంత్రమే వాగు పొంగి అవతలి ఊరివాళ్ళ గొర్రెలు ఆరు కొట్టుకుపోయాయి. అప్పటినుంచి ఆమెకు రేడియో మాటంటే గురి. "రామమ్మ రేడియోను మనువాడింది" అని వాడలో పరాచికాలాడేవాళ్ళు.

ఉగాది దాటాక కురుమవాడలో కత్తెర పడుతుంది. మందను వాగులో కడిగి ఆరబెట్టి, ఐదుగురు మగవాళ్ళు వరసగా కూర్చుని ఉన్ని కత్తిరిస్తారు. రోజుకొక ఇల్లు, ఎవరి రోజు వాళ్ళ వంతు. వంతు తప్పితే చివరికి పోవాలి. చివరిదాకా ఆ జట్టు ఊళ్ళో ఉంటుందన్న నమ్మకం లేదు, యాలాల్ వైపు మందలకు వెళ్ళిపోతుంది. ఉన్ని తీయని గొర్రె ఎండాకాలమంతా రొప్పుతుంది, పిడుదులు పడతాయి, ఇంటికి ఆ ఏడు గొంగడి ఉండదు. కానీ కత్తెర పడిన గొర్రె ఒళ్ళు పసిపిల్ల ఒళ్ళు లాంటిది. ఎనిమిది రోజులు దానికి ఎండ తప్ప ఇంకేదీ తగలగూడదు. చల్లటి వాన పడిందంటే నిలబడ్డ చోటే వణికి కూలిపోతుంది.

1962లో మొదటి వంతు రామమ్మకే వచ్చింది. గురువారం. అంతకు ముందే రేడియో మూగబోయింది. పటేలు మనవరాలి తొట్టెల పండుగకు మూడు రోజులు పొద్దస్తమానం సినిమా పాటలు మోగించారు, పంచాయితీ బ్యాటరీ కాస్తా అయిపోయింది. కొత్తది బ్లాకు ఆఫీసు నుంచి రావాలి.

మంగళవారం రామమ్మ తన మరిది మల్లప్పను పిలిచింది.

"పడమటి గాలిల ఏదో తేడా ఉన్నది మల్లప్పా. రేపు తాండూరు పోయి రేడియో వింట."

"కత్తెర పట్టెతందుకు తాండూరు పోయి ముహూర్తం అడుగుతవా వదినె?"

"అడుగుత. నేనొచ్చేదాంక కత్తెర పట్టనియ్యకు."

"జట్టు పొద్దుగాల్నే వస్తది. నువ్వు లేకుంటే నీ వంతు పక్కింటోళ్ళకు పోతది."

"జర ఆపు. పొద్దెక్కేసరికి వస్త."

మల్లప్ప సరే అన్నాడు. మనసులో ఏమీ పెట్టుకోకుండానే అన్నాడు.

బుధవారం మధ్యాహ్నానికి రామమ్మ తాండూరు చేరింది. స్టేషన్ దారిలో కిష్టప్ప చాయ హోటల్లో రేడియో ఉందని సంతకు పోయినప్పుడు చూసింది.

"ఏం గావాలె అక్కా?" అన్నాడు కిష్టప్ప.

"చాయ వద్దు. వాన సంగతి చెప్పేదాంక కూసుంట."

"హోటల్ల కూసోని చాయ వద్దంటే నా హోటలు నడుస్తదా?" అంటూనే లోపలి బల్ల చూపించాడు. కాసేపటికి చాయ కూడా తెచ్చి పెట్టాడు.

రెండేళ్ళలో మొదటిసారి ఆమె రేడియో ముందు కూర్చుని విన్నది. ఆ గొంతు తనతోనే మాట్లాడుతున్నట్టుంది. ఒక్క మాట కూడా గాలికి పోలేదు. తెలంగాణ పడమటి జిల్లాల్లో శుక్రవారం నుంచి మూడు రోజులు ఉరుములు, ఈదురుగాలులు, అక్కడక్కడ వడగళ్ళ వాన. ఆ తర్వాత వారం చివరిదాకా పొడి వాతావరణం, తీవ్రమైన ఎండలు.

"పడమటి జిల్లాలంటే మనదేనా?" అని అడిగింది.

"మనదే. ఇంక మన పడమరకు ఎవలున్నరక్కా, కన్నడమోళ్ళు తప్ప."

నాలుగు రోజులు ఆగితే చాలు. ఆ తర్వాత కావలసినన్ని ఎండలు. వంతు పోయినా సరే, మంద ఉంటుంది. స్టేషన్‌లో ఆడవాళ్ళ పక్కన తలవాల్చి, తొలి వెలుతురుకే నడక అందుకుంది.

ఊరు చేరేసరికి దొడ్డి ముందు ఉన్ని కుప్ప పడి ఉంది. నల్లగా, మెత్తగా, మోకాలెత్తు. దాని వెనక నగ్నంగా, ఎముకలు లెక్కపెట్టేలా నిలబడ్డాయి ఆమె గొర్రెలు. తల్లులను పిల్లలు గుర్తుపట్టలేక అరుస్తున్నాయి.

మల్లప్ప ఎదురొచ్చాడు. "ఇంటామె లేకుంటే పక్కింటికి పోతమన్నరు వదినె. నీ వంతు పోతదని నేనే పట్టుమన్న."

"ఎన్నయినయ్?"

"ముప్పై ఒకటి."

రామమ్మ వెళ్ళి జట్టు పెద్ద చేతిలోని కత్తెర మీద చెయ్యి పెట్టింది. "ఆపుండ్రి. రేపు వడగండ్లు పడ్తయంట."

ఆయన తలెత్తి చూశాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. "సగం మందను గొరిగి ఆపుతరా ఎవలన్న? గా రేడియోల మొగడు నిన్ను పిచ్చిదాన్ని చేసిండు."

"చేస్తే చెయ్యనియ్యి. మిగిలిన పదిహేనింటిని ముట్టకుండ్రి."

జట్టు విసుక్కుంటూ లేచింది. కానీ ఆమె ముఖం చూశాక మరుసటి వంతున్న ఎల్లప్పకు భయం పట్టుకుంది. తన మందకు కత్తెర వద్దన్నాడు. అతన్ని చూసి తతిమ్మావాళ్ళూ ఆగారు. ఆమె తెచ్చిన మాట వాడలోని మందలన్నిటినీ కాపాడింది. ఆమె మందకు మాత్రం ఒక్క పూట ఆలస్యంగా వచ్చింది.

మల్లప్ప తలవంచుకుని నిలబడ్డాడు. "నా మంచికే చేసినవ్ తీ" అంది రామమ్మ. అని, నేరుగా పటేలు ఇంటికి నడిచింది. ఊళ్ళో బండల కప్పు ఇళ్ళు రెండే రెండు: పటేలుది, కొత్తగా కట్టిన పంచాయితీది.

"పంచాయితీ ఇంటి తాళం మూడు రోజులు ఇయ్యుండ్రి పటేలా. గొర్లను లోపట పెట్టుకుంట. ఊడ్చి, అలికి ఇస్త."

"అది పంచాయితీ ఇల్లు. దొడ్డి గాదు."

"వడగండ్ల వాన వస్తదంట."

"ఎవలు చెప్పిన్రు?"

"రేడియో చెప్పింది."

"రేడియో నా ఇంట్ల ఉంటే, నీకెట్ల చెప్పింది?" పటేలు పడక కుర్చీలో వెనక్కి వాలాడు. "పో రామమ్మ. ఎండకు తిరిగి తిరిగి తల తిరిగింది నీకు."

ఆమె మళ్ళీ అడిగింది. సాయంత్రం ఇంకోసారి వచ్చి అడిగింది. శుక్రవారం పొద్దున మెట్ల కింద కూర్చుని అడిగింది. పటేలు తలుపు వేయించాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి పడమర నల్లబడింది. వాడవాళ్ళు ఇప్పుడు నవ్వలేదు. తలా రెండు మూడు చొప్పున ఆమె గొర్రెలను తమ గుడిసెల్లోకి లాక్కున్నారు. హరిజనవాడ నుంచి రాహేలమ్మ పరుగెత్తుకొచ్చి ఆరింటిని తోలుకుపోయింది. "మా ఇంట్ల అడిగేటోడు లేడు వదినె, నువ్వు ఫికర్ చెయ్యకు" అంది. ముప్పై ఒకటీ ఏదో ఒక కప్పు కింద చేరాయి. ఒక్క క్షణం రామమ్మకు ఊపిరి ఆడింది.

కానీ వానకంటే ముందు గాలి వచ్చింది. మొదటి ఊపుకే కురుమవాడ గడ్డి కప్పులు లేచిపోయాయి. ఆ వెంటనే వడగళ్ళు, రేగుపళ్ళంతేసి, గుడిసెల లోపలికే పడ్డాయి. బెదిరిన గొర్రెలు వీధిలోకి దూకాయి. రామమ్మ మొగుడి గొంగడి తల మీదికి లాక్కుని, పేరు పేరునా పిలుస్తూ వాటిని పంచాయితీ ఇంటి గోడ దగ్గరికి తోలింది. చూరు జానెడు. తలుపుకు తాళం.

మల్లప్ప రాయి తీసుకుని తాళం పగలగొట్టాడు. తలుపు తోస్తే లోపలికి పోలేదు. కిందినుంచి పైదాకా పటేలు కందికట్టె మోపులు కుక్కి ఉన్నాయి. ఊరికోసం కట్టిన ఇంట్లో గొర్రెపిల్ల పట్టేంత చోటు కూడా లేదు.

ఇద్దరూ మోపులు లాగి బయట పడేశారు. ఒక్కో మోపు తీసినకొద్దీ ఒక్కో గొర్రెను లోపలికి తోశారు. మందలో సగాన్ని కూడా తోయకముందే బయట ఉన్నవి మోకాళ్ళ మీద కూలడం మొదలైంది. మొండిచెవిదాన్ని రామమ్మ ఒళ్ళోకి లాక్కుని గొంగడి కప్పింది. అది కాసేపు వణికింది. ఆ తర్వాత వణకడం ఆపింది. ఆమె మాత్రం చాలాసేపు దాన్ని రుద్దుతూనే ఉంది.

పంతొమ్మిది పోయాయి. కత్తెర పడినవాటిలో మిగిలింది పన్నెండు, వాటిలో ఆరు రాహేలమ్మ సగం కూలిన ఇంట్లో బతికినవి. ఉన్ని తీయని పదిహేనింటిలో ఒక్కటీ పోలేదు. దొడ్డిలో ఒకదానికొకటి ఒరుసుకుని, తడిసి, నిలబడి ఉన్నాయి.

"దేవుడు చేసిన పని" అన్నాడు పటేలు. తాళం పగలగొట్టినందుకు మల్లప్ప మీద ఫిర్యాదు రాసి పంపాడు.

రేడియో చెప్పినట్టే ఆ తర్వాత ఎండలు కాశాయి. పది రోజులకు బ్యాటరీ వచ్చింది. ఆ సాయంత్రం రామమ్మ పెంటకుప్ప దగ్గర ఆగలేదు. గేటు తోసి, మెట్లెక్కి, అరుగు మీద రేడియో ఎదురుగా కూర్చుంది.

"ఇదేంది రామమ్మ, పైకొచ్చినవ్?" అన్నాడు పటేలు.

"వినెతందుకు పటేలా. గొర్ల కంపు అంటరు గద. గా కంపు సగం పోయింది."

ఈసారి అరుగు మీద ఎవరూ నవ్వలేదు. వాతావరణం చెప్పేదాకా కూర్చుని, విని, లేచి వెళ్ళింది. ఆమె పక్కన వచ్చి కూర్చున్నవాళ్ళు ఒక్కరూ లేరు. మల్లప్ప కూడా గోడ బయటే నిలబడ్డాడు. మరునాటికి రేడియో అరుగు మీద లేదు. పటేలు లోపలి గదిలోకి చేరింది.

ఇప్పటికీ అక్కడే ఉంది. రామమ్మ ఇరవై ఏడు గొర్రెలతో, మబ్బు కనిపించినప్పుడల్లా తాండూరు దాకా నడుస్తోంది.

దేవుడు వడగళ్ళు కురిపించాడనే అనుకుందాం. తలుపుకు తాళం వేసింది ఆయన కాదు. బ్యాటరీని పాటలకు అరగదీసింది ఆయన కాదు. ఇది చదువుతున్న మీరు ఈ సాయంత్రమే వెళ్ళి మీ ఊరి పంచాయితీ రేడియో ఎవరి అరుగు మీద ఉందో చూడండి. గోడ బయట ఎవరు నిలబడ్డారో చూడండి. అది నలుగురూ కూర్చునే చోటికి వచ్చేదాకా బ్లాకు ఆఫీసుకు అర్జీ మీద అర్జీ రాయండి, వేలిముద్ర వేసేవాళ్ళను వెంట తీసుకుపోండి. పంచాయితీ ఇంటి తాళంచెవి ఎవరి మొలకుందో పదిమందిలో అడగండి. పేపరు వచ్చే ఇల్లయితే వాతావరణం ముక్కను గొర్రెల వాడలోకి వెళ్ళి గట్టిగా చదవండి, కత్తెర పట్టకముందే చదవండి. ఇవేవీ చేతగాకపోతే, ఇంకో రామమ్మ మెట్లెక్కిన రోజున కనీసం వెళ్ళి ఆమె పక్కన కూర్చోండి.