రేకుల ట్రైలర్‌లో అత్తయ్య

ఈ నెలలో ఇది నాలుగో షోరూము. రాజమండ్రిలో కార్లు అమ్మే చోటు ఒక్కటీ వదలకుండా తిరుగుతున్నానని మా ఆవిడ కనిపించినవాళ్లందరికీ చెబుతోంది గానీ, నిజానికి ఇంకా రెండు మిగిలే ఉన్నాయి. అద్దాల గదిలో చల్లగా కూర్చోబెట్టి, కాఫీ చేతికిచ్చి, మా అమ్మాయి ఈడున్న పిల్ల ఒకతి ఎంతో మర్యాదగా కారు గుణగణాలన్నీ చెప్పుకొచ్చింది. లీటరుకి ఇరవై మూడు కిలోమీటర్లు వస్తుందంది. అది విన్న ప్రతిచోటా నేను అడిగే ప్రశ్నే ఇక్కడా అడిగాను.

“వెనక చిన్న ట్రైలర్ తగిలిస్తే ఎంతొస్తుందమ్మా?”

ఆ పిల్ల ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది గానీ కళ్లలో మాత్రం కంగారు కనిపించింది. “ట్రైలరాండి? అంటే... ట్రాక్టరుకి ఉంటుంది, అదాండి?” అని, లోపలికి వెళ్లి ఎవరికో ఫోన్ చేసి, కాసేపటికి తిరిగొచ్చింది. “పెట్రోలుదానికి కంపెనీ వద్దంటుందండి. ఆ పెద్ద డీజిల్‌దానికైతే కొక్కెం పెట్టించుకోవచ్చంటున్నారు. కాగితాలు విడిగా చేయించుకోవాలటండి. కానీ సార్, దానికి మైలేజీ బాగా తగ్గిపోద్దండి.”

“దేన్ని లాగడానికండీ?” అంది మా ఆవిడ, నా వైపు తిరగకుండానే.

అది ఆ అద్దాల గదిలో చెప్పేది కాదు. లేచి ఆ కారు చుట్టూ ఒకసారి, ఈ కారు చుట్టూ ఒకసారి తిరిగి, కూర్చుని, మళ్లీ లేచాను. ఈ మధ్య నాకు ఇదే వరస అయింది. ఎక్కడా కుదురుగా కూర్చోలేను. అన్నం తింటున్నా బుర్రలో లీటర్లూ కిలోమీటర్లూ తిరుగుతూనే ఉంటాయి.

ఈ లెక్కల పిచ్చి నాకు ఎవరూ అంటించలేదు. పదో తరగతి తర్వాత చదువు సాగక రావులపాలెం దగ్గర ఒక పెట్రోలు బంకులో చేరాను. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో బంకంటే చేత్తో తిప్పే మర, నూనె మరకల నేల, తీరిగ్గా కబుర్లు చెప్పే డ్రైవర్లు. వచ్చిన ప్రతి బండినీ కిందటిసారి ఎన్ని లీటర్లు కొట్టించారు, ఎంత దూరం తిరిగారు, వెనక ఏం వేసుకున్నారు అని అడుగుతూ అడుగుతూ ఏ ఇంజను ఎంత తాగుతుందో చూడగానే చెప్పగలిగేవాణ్ణి. ఇటుకల లారీకి ఒక లెక్క, కొబ్బరికాయల వ్యానుకి ఒక లెక్క, పెళ్లివారి కారుకి ఒక లెక్క. బరువు పెరిగితే మైలేజీ తగ్గుతుంది. ఇదే నేను సొంతంగా కనిపెట్టాననుకున్న సూత్రం, దాన్ని పట్టుకుని లోకం మొత్తాన్ని కొలవగలననే ధీమా ఉండేది.

మాది ఆత్రేయపురం. మా మేనత్త, అంటే నాన్నకి చెల్లెలు, చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. మనిషి పొడుగూ లావూ. గొంతు కూడా అంతే. ఊళ్లో ఒక దుకాణానికి రేకులు తీసేది. పూతరేకులు తినడమే గాని తీయడం చూడనివాళ్ల కోసం చెబుతున్నాను: బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను ఆ కుండ మీద ఒక్క లాగు లాగితే, గుడ్డ అవతలికి చేరేసరికి రేకు లేచి వచ్చేస్తుంది. వెలుతురుకి అడ్డం పెడితే అవతలి మనిషి కనిపించాలి. అత్తయ్య తీసిన రేకులో నుంచి అవతలి మనిషి ముక్కుపుడక కూడా కనిపించేదని చెప్పుకునేవారు. అయితే ఆ రేకులన్నీ దుకాణంవాళ్ల పేరు మీద అమ్ముడుపోయేవి. ఆవిడకి రోజు కూలీ.

అలా ఉండగా తణుకులో పెళ్లి వంటలు చేయించే కాంట్రాక్టరు ఒకాయన అత్తయ్య రేకులు ఎక్కడో తిని, వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు. ఆయన ఆలోచన కొత్తది. చుట్టిన పూతరేకులు కాదు, ఉత్త రేకులే పెళ్లివారింటికి తెచ్చి, అక్కడ పందిట్లో అందరూ చూస్తుండగా నెయ్యి రాసి, పంచదార చల్లి, వేడివేడి వంటల పక్కన చుట్టి వడ్డించాలి. బాగా జరిగితే తను చేసే ప్రతి పెళ్లికీ అత్తయ్య చేతి రేకులే అన్నాడు. అత్తయ్య ఆ మర్నాడే దుకాణానికి వెళ్లి ఇక రానని చెప్పేసింది. ఎవర్నీ అడగలేదు. నాన్న తల పట్టుకున్నాడు. తణుకు పని పోతే మళ్లీ ఆ దుకాణం మెట్లే ఎక్కాలి, కుండ ముందు చోటు ఇమ్మని అడగాలి. ఆవిడ స్వభావానికి అది చావుతో సమానమని ఇంట్లో అందరికీ తెలుసు.

అప్పటికే ఇంట్లోకి ఒక బండి కొనాలని నాన్న అనుకుంటున్నాడు. పాత డీజిల్ జీపు ఒకటి బేరంలో ఉంది, పాత పెట్రోలు కారు ఒకటి ఉంది. జీపైతే దేన్నయినా లాగుతుంది అన్నాడు నాన్న. నేను ఒప్పుకోలేదు. రేకులకి బరువెక్కడిది? ఎనిమిది గంపల రేకులు కలిపి చిన్నపిల్లాడంత తూగవు. జీపు లీటరుకి పదకొండు, కారు పదహారు. వెనక చిన్న ట్రైలర్ చేయించుకుంటే కారులో ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు, ట్రైలర్‌లో గంపలు వెళ్తాయి. ఆ లెక్క ముందు నాన్న మెత్తబడ్డాడు. రావులపాలెంలో వెల్డింగు షాపులో రెండు చక్రాల ట్రైలర్ చేయించాం, కుదుపులకి అడుగున జీపు స్ప్రింగులు, అంటే కమాన్ పట్టీలే వేసి, పైన గుడ్డ కప్పు కట్టి.

ఇక నా గొప్పతనం చూడండి. ట్రైలర్ ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిదని నెయ్యి డబ్బాలూ పంచదార బస్తాలూ కారు డిక్కీలో, కాళ్ల దగ్గర సర్దాను. అత్తయ్యను వెనక సీట్లో కూర్చోబెట్టాను. ట్రైలర్‌లో ఎనిమిది గంపలు తప్ప మరేమీ లేవు. కాలువ గట్టు మీద రావులపాలెం చేరి, సిద్ధాంతం వంతెన దాటి, పెరవలి మీదుగా తణుకు వెళ్లాం. దారంతా లీటరుకి పదహారు తగ్గలేదని నాలో నేనే మురిసిపోయాను.

పెళ్లి పందిట్లో కాంట్రాక్టరు గంప మీద గుడ్డ తీశాడు. గుప్పెడు తీసి వేళ్ల సందుల్లోంచి జారవిడిచాడు.

“ఏంటక్కయ్యగారూ ఇది? రేకులా, రవ్వా?”

ఎనిమిది గంపల్లోనూ అదే పరిస్థితి. ఆ పూట ఆయన ఎవరినో పరిగెత్తించి లడ్డూలు తెప్పించి పరువు దక్కించుకున్నాడు. పెళ్లికొచ్చిన పిల్లలు మాత్రం ఆ పొడిలో పంచదార కలుపుకుని గుప్పిళ్లతో తిన్నారు. అత్తయ్య వాళ్లకి నెయ్యి పోసింది, అంతే. వెళ్లేటప్పుడు ఆయనే వచ్చి, పది రోజుల్లో ఇంకో పెళ్లి ఉందనీ, అందులో చూస్తాననీ, ఈసారీ ఇలాగే అయితే మాత్రం తనను అనుకోవద్దనీ చెప్పాడు.

ఆ పది రోజులూ నేను మనిషిని కాను. గంపల కింద గడ్డి వేశాను, టైర్లలో గాలి తగ్గించాను, నత్తలా నడిపాను. ఒక్క గంప వేసుకుని కాలువ గట్టు మీద అటూ ఇటూ తిరగడం, ఆగి గుడ్డ ఎత్తి చూడడం, విరిగిన రేకుల్ని గేదెలకి పెట్టడం. వ్యాను అద్దెకి తీసుకుంటే అత్తయ్యకి మిగిలేది ఏమీ లేదు. అత్తయ్య నన్నేమీ అడిగేది కాదు. పెందలాడే కుండ ముందు కూర్చుని, గుడ్డ లాగుతూ, లేచిన రేకును పక్కన పేర్చుతూ ఉండేది. అవి తణుకు చేరతాయో, మా గేదెలకి చేరతాయో తెలియకుండానే తీసిందవన్నీ.

రెండో పెళ్లి రోజున గంపలు ఎక్కించాక చూస్తే అత్తయ్య చీర చెంగు నడుముకి దోపుకుని, ట్రైలర్ అంచు పట్టుకుని, పైకెక్కి గంపల మధ్య కూర్చుంది.

“దిగవే, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?” అన్నాడు నాన్న.

“చూడనీ అన్నయ్యా. విరుగుతున్నప్పుడైనా పక్కనుంటాను కదా, ఎక్కడ విరుగుతున్నాయో కనుక్కుంటాను.”

“పడితే?”

“పడితే రేకుల మీదే పడతాను, మెత్తగానే ఉంటుంది. ఏరా అల్లుడూ, పోనీ బండి. నీ మైలేజీ నువ్వు చూసుకో, నా రేకులు నేను చూసుకుంటాను.”

ఇప్పుడైతే ఎవరూ అలా కూర్చోనివ్వరు, కూర్చోకూడదు కూడా. అప్పుడు మాత్రం ఆవిడని దించే మొనగాడు మా ఇంట్లో లేడు. నేను నడుపుతుంటే దారిలో సైకిళ్లవాళ్లు ఆగి మరీ చూశారు. వంతెన మీద గాలికి గుడ్డ కప్పు టపటపా కొట్టుకుంటుంటే, ఆ చప్పుడుని మించి ఆవిడ గొంతు వినిపించేది, నెమ్మదిరా, నెమ్మదిరా అని. తణుకులో దిగేసరికి దుమ్ముతో జుట్టంతా నెరిసినట్టయిపోయింది. తనే గుడ్డ తీసింది. మొదటి గంప బాగుంది. రెండోది బాగుంది. ఎనిమిదోది తీసేసరికి కాంట్రాక్టరు నవ్వుతున్నాడు. అత్తయ్య మాత్రం నేల మీద చతికిలబడి, చెంగుతో ముఖం కప్పుకుని, భుజాలు కదిలేలా ఏడ్చింది.

ఆవిడ చేతి చలవ అన్నారు అందరూ. నేనూ కాసేపు అలాగే అనుకున్నాను గానీ, లెక్క తేలకపోతే నాకు తోచదు. తిరిగి వచ్చి మా బంకులోనే ట్యాంకు నింపి చూస్తే అప్పుడూ పదహారే. అదెలా? అంత మనిషి ట్రైలర్ ఎక్కితే తగ్గాలి కదా! రెండు రోజులు పిచ్చివాడిలా తిరిగాక వెలిగింది. అత్తయ్య కారులో ఉన్నా ట్రైలర్‌లో ఉన్నా ఇంజను లాగేది ఆ బరువునే. నేను తేలిక చేసింది ట్రైలర్‌ని మాత్రమే. మోటు పట్టీల మీద బరువు లేని పెట్టె గుంత గుంతకీ బంతిలా ఎగిరింది. ఆవిడ కూర్చోగానే పట్టీలు వంగి ట్రైలర్ కుదుటపడింది. నా పెట్రోలు లెక్క సరైనదే. ఎగురుడు అనేదొకటి ఉంటుందని నా బుర్రకి తట్టలేదు.

ఆ మాట అత్తయ్యకి చెప్పడానికి ధైర్యం కావలసి వచ్చింది.

“అంటే నేను బస్తానంటావు” అంది.

“అది కాదత్తయ్యా...”

“అదే. సరే, ఈసారి బస్తాలే వెయ్యి. పంచదారా నెయ్యీ అడుగున పెట్టి గంపలు పైన పెట్టు. నేను ముందు సీట్లో రాణీలా కూర్చుంటాను.” అని, ఇల్లంతా వినిపించేలా నవ్వింది.

మూడో పెళ్లికి అలాగే వెళ్లాం. ముందు సీట్లో కూర్చుంది గానీ రాణీలా కాదు. బండి కదిలిన దగ్గర్నుంచీ తణుకు చేరేదాకా మెడ వెనక్కి తిప్పి, వెనక అద్దంలోంచి ట్రైలర్ వైపే చూస్తూ కూర్చుంది. సిద్ధాంతం దగ్గర గోదావరి ఎంత నిండుగా ఉందో చూడమంటే, గోదావరి ఎక్కడికీ పోదు, నువ్వు గుంత చూసుకోమంది. ఆ తర్వాత పని పెరిగి, కారు ఇచ్చేసి నాన్న చెప్పిన జీపే కొన్నాం. పదకొండు కిలోమీటర్ల జీపుని నేనే దగ్గరుండి తెచ్చాను. అత్తయ్యకి సొంత పాక, నాలుగు కుండలు, ఆ కుండల ముందు నలుగురు ఆడవాళ్లు. మా ఆవిడ కాపురానికొచ్చి రేకు తీయడం నేర్చుకుంది ఆ పాకలోనే. ఎన్నేళ్లు తిరిగామో గాని, అత్తయ్య ఒక్కసారీ దారి చూడలేదు. పెళ్లిళ్ల కాలంలో మెడ నొప్పికి అమ్మ వేడి ఉప్పు కాపడం పెట్టేది.

ఇప్పుడు కాలువ గట్టు మీద తారు రోడ్డు. రేకులు చుట్టి, అట్టపెట్టెల్లో మెత్తలు వేసి మూసేస్తే కొరియరువాళ్లు గుమ్మం దగ్గరికే వచ్చి తీసుకుపోతారు. ఎక్కడెక్కడికో వెళ్తాయి, క్షేమంగానే వెళ్తాయి. పందిట్లో చుట్టించుకునే ఓపిక ఎవరికీ లేదు. జీపు ఎప్పుడో పోయింది. అత్తయ్య కిందటేడు పోయింది. ట్రైలర్ మాత్రం పాక వెనక ఉంది, దాని మీదికి బీర తీగ పాకింది. తుక్కువాడు ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చిన ప్రతిసారీ, ఇంకా ఆలోచించలేదని చెప్పి పంపేస్తున్నాను.

అందుకే ఆ వేళ షోరూములో, మైలేజీ తక్కువని తెలిసీ ఆ పెద్ద డీజిల్ కారునే నడిపి చూస్తానన్నాను. నా పక్కన ఆ పిల్ల, వెనక మా ఆవిడ. గోదావరి గట్టు దాకా వెళ్లి, తిప్పుకోవడానికి రివర్సు వేయగానే ఎదురుగా తెర వెలిగింది. కారు వెనక ఏముందో అంతా అందులో కనిపిస్తోంది. మెడ తిప్పక్కర్లేదు. తడిసిన రోడ్డు, తెల్ల గీత, గట్టు అంచు. అంతే, ఇంకేమీ లేదు. నేను అలా చూస్తూ ఉండిపోయాను.

“సార్, ఇంకా రివర్సులోనే ఉందండి” అంది ఆ పిల్ల మెల్లగా.

“దీనికే కొక్కెం వేయించమ్మా” అంది వెనక నుంచి మా ఆవిడ. తర్వాత నాతో, “తగిలించుకుని ఎక్కడికి తిరుగుతారో తిరగండి. ఖాళీగా మాత్రం లాగకండి, ఎగురుతుంది” అంది.

కారు బుక్ చేశాం. వచ్చేదాకా ఆగలేక తీగ కోసి, ట్రైలర్ కడిగి, చక్రాలకి గాలి కొట్టించాను. అందులో ఏం వేయాలన్నది ఇంకా తేలలేదు. వెనక్కి చూపించే తెరలు వచ్చాయి గానీ, దారంతా వెనక్కే చూస్తూ కూర్చోవాల్సినంత సున్నితమైన సరుకు మాత్రం ఇప్పుడు మా ఇంటి నుంచి ఏదీ వెళ్లడం లేదు.