జోగమ్మ రుచి చూడటం

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే ఫిట్టర్ తవిటయ్య భార్య జోగమ్మ ఎవరి మాటా ఊరికే నమ్మదు. వీధిలో ఆడవాళ్లు రోజూ ఎసట్లో పోసేముందు తీసి దాచే పిడికెడు బియ్యం నెలాఖరుకి ఆవిడ కుండలోకే చేరుతుంది. ఏ ధర్మానికి పంపాలో తేల్చేది ఆవిడే. అందుకు కొప్పు ముడి బిగించి, సత్తుగిన్నె చంకన పెట్టుకుని, గంజి పోసే చోటికి తనే వెళ్లి బీదల వరసలో నిలబడుతుంది. ఒక్క గుక్క తాగి, కళ్లు మూసుకుని, నీళ్లెన్నో గింజలెన్నో చెప్పేస్తుంది.

అరవయ్యారు కరువులో ఊళ్లోనే ఇందా పేటలో కొత్తగా పెట్టిన గంజి కేంద్రానికి వెళ్లింది. గిన్నె నిండింది. అలవాటుగా గుక్క తాగింది. అంతలో గరిట డేగిసా అడుగున గీరుకుంది. "ఖతం," అన్నాడు వడ్డించేవాడు. వెనకే బాంకుడా జిల్లా పల్లె నుంచి వచ్చిన మనిషి, చంకలో బిడ్డతో, ఖాళీ మూకుడు చాపే ఉంచింది. జోగమ్మ గిన్నె వంచబోయి ఆగింది. ఎంగిలి ఎలా పెట్టడం? తేరుకుని "దీదీ!" అని పిలిచేసరికి ఆ మనిషి రోడ్డు దాటిపోయింది.

వీధి మొగలో, రోజూ పిడికెడు తీసిపెట్టే చిలకమ్మ ఎదురొచ్చింది. "ఏటత్తా, గంజి సిక్కగున్నాదా?"

జోగమ్మ చేతిలో గిన్నె ఇంకా నిండుగానే ఉంది.

"సిక్కగానే ఉన్నాదే. ఒక తల్లి నోటికాడ కూడు నానే ఎంగిలి సేసీసినాను."