ఉప్పునీళ్ళ బకెట్టు

ఎనభైల్లో, నేను ఖరగ్‌పూర్‌కి కొత్తకోడలిగా వచ్చిన ఏడాది, రైల్వే కాలనీలో మా తెలుగువాళ్ళు నాటకం వేశారు. రాజు చనిపోతుంటే లైట్లు మెల్లగా తగ్గాలన్నారు. వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్ అయిన మావారు తెర వెనక ప్లాస్టిక్ బకెట్టులో ఉప్పునీళ్ళు కలిపి, రెండు రేకులు ముంచి, లైట్ల కరెంటును వాటి గుండా పంపారు. ఒక రేకు పైకి లాగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. బకెట్టును ఎవరూ ముట్టకుండా నన్ను కాపలా పెట్టారు.

రాజు వేషం మా మావగారిది. ఆయనతో నేనింకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కకి తప్పుకునేదాన్ని.

రాజు చనిపోయాడు. చప్పట్లు కొట్టారు. మావారు కరెంటు ఆపడానికి మెయిన్ స్విచ్ దగ్గరికి బయల్దేరారు. ఈలోగా మావగారు చెమటలు కక్కుతూ లోపలికొచ్చి, ఆ చీకట్లో మొహం కడుక్కుందామని నేరుగా బకెట్టు మీదికి వంగారు. వెనక నుంచి జుట్టు పట్టి లాగాను. విగ్గు చేతికొచ్చింది.

ఆయన నిటారుగా లేచి, "ఏటమ్మా ఇది?" అన్నారు.

"నీళ్ళల్లో కరెంటున్నాది మావయ్యా."

ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. "మరి నోటితో సెప్పొచ్చు కదమ్మా" అని విగ్గు తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి స్నానానికి వెళ్ళే ముందు, "నీళ్ళు ముట్టుకోవచ్చేటమ్మా?" అని అడిగేవారు. "ముట్టుకోండి మావయ్యా" అనేదాన్ని. ఆయన పోయేదాకా మా ఇద్దరి మాటలూ రోజూ అక్కడే మొదలయ్యేవి.