బొట్టు పెట్టిన డిమ్మరు

ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివేవాడు ఇంట్లో ఉంటే, ఆ ఇంట్లో ఏ బల్బు కొట్టుకున్నా తప్పు వాడిదే. బందరు నుంచి రోజూ బస్సులో గుడ్లవల్లేరు కాలేజీకి వెళ్ళొచ్చే రోజుల్లో ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది. మాకు ట్రాన్స్‌ఫార్మర్ల గురించి చెప్పారు, మోటార్ల గురించి చెప్పారు. పురిటిగదిలో లైటు ఎందుకు కొట్టుకుంటుందో ఏ మాస్టారూ చెప్పిన పాపాన పోలేదు. ఆ మాట ఇంట్లో అంటే ఎవరైనా వింటేగా!

అక్క రెండో కాన్పుకి మా ఇంటికి వచ్చిన ఏడు అది. మొదట పుట్టిన పాప మాకు దక్కలేదు. మూడోనెల రాగానే సారె పెట్టి, తల్లినీ పిల్లనీ దివిసీమలో అక్క అత్తవారింటికి పంపాం. వెళ్ళిన కొద్దిరోజులకే పాప పోయింది. అక్కడ వాళ్ళ గదిలో నీలం జీరో బల్బు వెలిగేదట. ఆ రాత్రి పాప పెదాలు నీలంగా ఉండటం అక్క చూసింది. బల్బు రంగే అలా పడుతోందనుకుంది. తెల్లారి తలుపు తీశాక గానీ సంగతి తెలియలేదు. పాప గుండెలో పుట్టుకతోనే లోపం ఉందనీ, ఎవరు చూసినా చేయగలిగింది ఏమీ లేదనీ డాక్టరు చెప్పాడు. అందరం విన్నాం, అక్క మాత్రం వినలేదు.

అందుకే ఈసారి అక్క రాకముందే నాన్న ఇంట్లో ఉన్న నీలం బల్బులన్నీ పీకి పారేశాడు. మగపిల్లాడు పుట్టాడు. పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేసేదాకా పురిటిగదిలో వెలుగు పోకూడదని మా అమ్మ పట్టు. పగలైనా సరే, అక్కడ దీపమో లైటో ఉండి తీరాలి. మామూలు బల్బు వేస్తే ఆ వెలుతురికి పిల్లాడు కళ్ళు చికిలించి ఏడ్చేవాడు. నాన్న మా పేట ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ఫ్యాన్ రెగ్యులేటరులా తిప్పితే వెలుతురు తగ్గే డిమ్మరు పెట్టించాడు. పిల్లాడికీ అక్కకీ ఎక్కడ హాయిగా ఉందో చూసి, ఆ మీట ఆగిన చోట అమ్మ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా అమ్మ బొట్టు పెట్టాల్సిందే. ఫ్రిజ్జుకీ ఉంది, మిక్సీకీ ఉంది. ఇక ఆ మీటను ఎవరూ కదపలేదు.

రెండు రోజులైనా గడిచాయో లేదో అక్క కొత్త గోల మొదలుపెట్టింది. వెలుతురు తగ్గిస్తే ఆ బల్బు పచ్చగా వెలుగుతుంది కదా, పిల్లాడు పసుపు పచ్చగా కనిపిస్తున్నాడట!

"వీడికి పచ్చకామెర్లు వచ్చాయి నాన్నా, ఆస్పత్రికి వెళ్దాం పదండి."

వెళ్ళాం. ఏమీ లేవన్నారు. ఇంటికి వచ్చి బల్బు కింద పడుకోబెట్టగానే మళ్ళీ పచ్చబడ్డాడు. నాన్న ఇక లాభం లేదనుకుని, అప్పట్లో కొత్తగా వస్తున్న కరెంటు తక్కువ కాలే తెల్ల బల్బు, అదే సీఎఫ్ఎల్, తెచ్చి బిగించాడు. "ఇది ఏ రంగూ పూయదమ్మా. ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది" అన్నాడు.

ఉన్నది ఉన్నట్టు చూపించడం దేవుడెరుగు, అది కుదురుగా వెలిగితేనా! సన్నగా వణికింది, గుప్పున వెలిగింది, సగానికి పడిపోయింది, మళ్ళీ లేచింది. అక్క పిల్లాడి పొట్ట మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

"వీడి పొట్ట ఆడుతోందో, వెలుతురే ఆడుతోందో తెలియడం లేదురా" అంది నాతో. చెయ్యి తీయదు, కన్ను మూయదు. నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి, పాలు తగ్గాయి. "నువ్వు కాసేపు పడుకో, నేను చూస్తాలే" అని అమ్మ అంటే, "నేనూ అప్పుడు చూస్తూనే ఉన్నానుగా" అనేది. అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. బల్బు సంగతి ఎలాగైనా తేల్చకపోతే అక్క మంచాన పడుతుందని నాకు భయం పట్టుకుంది.

అమ్మ చేత ప్రమిద వెలిగింపించి, బల్బు తీసి హాల్లో పెట్టాను. నిలకడగా వెలిగింది. గదిలో పెట్టాను, కొట్టుకుంది. నాన్న దాంతోపాటే కొన్న ఇంకో తెల్ల బల్బు హాల్లో బాగా వెలుగుతుంటే, దాన్ని తెచ్చి గదిలో పెట్టాను, అదీ కొట్టుకుంది! తీసుకెళ్ళి హాల్లో పెడితే బుద్ధిగా వెలిగింది. నాకు బుర్ర తిరిగిపోయింది. బల్బు మంచిదే, కరెంటూ మంచిదే, ఈ గదికి ఏమొచ్చి చచ్చింది? గుడివాడ వెళ్ళి కొట్లో అడిగితే, "అది డూప్లికేటు తమ్ముడూ, మంచిది తీసుకెళ్ళు" అని ఇంకోటి చేతిలో పెట్టాడు. ఆ మంచిది కొట్టుకోవడంతో పాటు జుయ్యిమని పాట కూడా పాడింది.

నాన్న వోల్టేజీ చాలడం లేదన్నాడు. పక్కింటి పిన్నిగారు దిష్టి అంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ పిల్లాడి చుట్టూ తిప్పి, అదే చేత్తో పైకి చూస్తూ బల్బుకీ తిప్పేసింది. నేను నవ్వితే అమ్మ కస్సుమంది. నవ్వాను గానీ, ఆ సాయంత్రం బల్బు కొట్టుకోవడం కాస్త తగ్గినట్టు నాకే అనిపించింది. అప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. అమ్మను అక్కయ్యా అని పిలిచేవాడు కాబట్టి నాకు మావయ్య అయ్యాడు.

"ఇది ఉప్పుగాలి అల్లుడూ. మంగినపూడి సముద్రం గాలికి హోల్డరు తుప్పు పట్టేసింది. అక్కయ్యా, ఓసారి లైటు ఆర్పండి."

"పురిటిగదిలో నిలబడి ఆ మాటేంటయ్యా!" అని అమ్మ అంత ఎత్తున లేచింది.

పాపం, ఆయన గతుక్కుమన్నాడు. అమ్మ ప్రమిదలో నూనె పోసి, వత్తి వెలిగించి గది మూల పెట్టి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు "ఇహ తీసుకో" అంది. హోల్డరు మార్చాడు. వైరు మార్చాడు. చేసినంతసేపూ బల్బు వైపే చూశాడు గానీ, బొట్టు పెట్టిన డిమ్మరు జోలికి ఆయనా వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. దేవుడి పటాన్ని అనుమానించనట్టే దాన్నీ అనుమానించలేదు. అన్నీ కొత్తవి పడ్డాక స్విచ్ వేస్తే, బల్బు ఇంకా హుషారుగా కొట్టుకుంది. "ఇదేంటల్లుడూ?" అన్నాడాయన. నన్నడుగుతాడేం!

మర్నాడు కాలేజీ నుంచి వస్తూ బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతున్నప్పుడు తట్టింది. హాల్లో లేనిది, ఆ గదిలో ఉన్నది ఏమిటి? డిమ్మరు! ఓరి నా చదువు తగలెయ్య అనుకుంటూ ఇంటికి పరిగెత్తి, దారిలో మావయ్యను కూడా లాక్కొచ్చాను.

అది దీపాలవేళ. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి అప్పుడే గదిలోకి వచ్చింది. నేను మీట మీద చెయ్యి వేయగానే "బొట్టు దాటించకురా!" అని అరిచింది. దాటించాను, చివరిదాకా తిప్పాను. బల్బు కదలకుండా, మెదలకుండా, తెల్లగా వెలిగింది. "హమ్మయ్య!" అని నేననేలోపే ఆ వెలుతురికి పిల్లాడు కెవ్వుమన్నాడు. తగ్గించాను, కొట్టుకుంది. పెంచాను, పిల్లాడు ఏడ్చాడు.

"చూశారా, ఇదీ సంగతి" అన్నాను గొప్పగా. "డిమ్మరు కరెంటును ముక్కలు ముక్కలుగా కోసి పంపిస్తుంది. ఈ బల్బు లోపల చిన్న సర్క్యూట్ ఉంటుంది, దానికి ఆ ముక్కలు సరిపడవు."

"మరి పాత బల్బుకి ఎలా సరిపడ్డాయిరా?" అన్నాడు నాన్న.

"అందులో ఉండేది ఉత్త తీగే కదండీ, ముక్కలైనా వేడెక్కుతుంది. ఇది అలా కాదు, ముందు లోపల..." అని మొదలుపెట్టి ఎక్కడికో వెళ్ళి ఆగిపోయాను. ఇప్పటికీ అక్కడే ఆగుతాను.

"నేనూ అదే అనుకున్నా బావగారూ" అన్నాడు మావయ్య.

ఇక గదిలో రభస. తెల్లబల్బు తగ్గిస్తే వణుకు, పెంచితే ఏడుపు. పాత బల్బు పచ్చన. నీలం మాట ఎవరూ ఎత్తరు. బల్బుకి గుడ్డ కడదామని నాన్న, కాలిపోతుందని మావయ్య, వసారాలో లైటు వేసి తలుపు ఓరగా ఉంచుదామని నేను, బొట్టు చెరిపావు చూడు అని అమ్మ. అందరం తలలెత్తి ఆ వణికే బల్బు కిందే నిలబడి అరుస్తున్నాం.

"కాసేపు నోరు ముయ్యండి" అంది అక్క. మంచం దిగి వచ్చింది. నన్ను పక్కకి నెట్టి, మీటను వెనక్కి, ఇంకా వెనక్కి తిప్పింది. టక్కుమంది. గది చీకటైపోయింది.

"అయ్యయ్యో, దీపాలవేళ!" అంది అమ్మ.

"ఉష్" అంది అక్క.

కాసేపటికి వినిపించింది. ముక్కు కొంచెం దిబ్బడేసినట్టు గుర్రు, కాస్త ఆగి మళ్ళీ గుర్రు. ఏడ్చి ఏడ్చి పిల్లాడు నిద్రపోయాడు.

"వినిపిస్తోందే అమ్మా" అంది అక్క. "పాపను చూస్తూనే కూర్చున్నానే ఆ రాత్రంతా. ఒక్కసారి చెవి పెట్టి వినలేదే."

చీకట్లో అక్క భోరుమంది. పాప పోయాక ఆమె ఏడుపు మేము వినడం అదే మొదలు. అమ్మ తడుముకుంటూ వెళ్ళి పట్టుకుంది. మావయ్య చప్పుడు కాకుండా చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఏడుపు నెమ్మదించాక అక్క పిల్లాడి పక్కన ఒత్తిగిలి పడుకుంది. నాన్న ప్రమిద వెలిగించబోతే, అగ్గిపెట్టె అమ్మే లాక్కుంది.

నన్నూ నాన్ననూ బయటికి పంపి, అమ్మ ఆ గుమ్మంలోనే నిలబడింది. ముందు పిల్లాడి గుర్రు ఒక్కటే వినబడిందట. చాలాసేపటికి, అది కాకుండా ఇంకొక ఊపిరి, నిదానంగా, బరువుగా ఆడుతున్నది వినబడిందట. అది తన కూతురిదేనని నమ్మకం కుదిరాక, అమ్మ తలుపు దగ్గరగా వేసి వచ్చింది.